రెండు తలుపుల ఇల్లు

గడప మీద గ్లాసు పెట్టిన చప్పుడైంది. జవహర్ తల తిప్పలేదు. ఆ చప్పుడుకు వెంటనే తల తిప్పకూడదు. పరదా కింద నుంచి వచ్చిన చెయ్యి వెనక్కి వెళ్లాలి. పరదా ఊగి ఆగాలి. ఆ తర్వాతే లేచి గ్లాసు తీసుకోవాలి.

ఈ రోజు ఆ చెయ్యి వెనక్కి వెళ్లడానికి ఎక్కువ సేపు పట్టింది. గడపను పట్టుకొని ఆగింది. గాజులు లేని మణికట్టు, దాని మీద వయసుతో చెదిరిపోయిన పచ్చబొట్టు చుక్కలు. జవహర్ కంటి కొసతో చూశాడు. చూడనట్టు కంప్యూటర్ వైపు ముఖం పెట్టాడు. పరదా ఆగాక లేచాడు.

గ్లాసు మీద చిన్న పళ్లెం మూత. మిర్యాలగూడలో మిల్లుల పక్కన కాపురం ఉండేవాళ్లు దేని మీదైనా మూత పెడతారు. వడ్లు ఉడికించే మిల్లుల గొట్టాల నుంచి ఊక బూడిద రాలుతూనే ఉంటుంది. తెల్ల బట్ట ఆరేస్తే చుక్కల బట్ట అవుతుంది. అతను పళ్లెం తీసి, దాని మీద నల్లటి నలుసులను ఊది, నిలబడే చాయ్ తాగాడు. ఖాళీ గ్లాసును మళ్లీ గడప మీదే పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు.

"నమస్కారం. మాట్లాడుతున్నది జవహర్. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

అతనికి నలభై ఆరేళ్లు. భుజాలు ముందుకు వంగాయి. హెడ్‌ఫోన్ పట్టీ ఆనే చోట జుట్టు అరిగి నడినెత్తిన సన్నటి బాట పడింది. వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు అమ్మే కంపెనీకి వచ్చే ఫిర్యాదులను తెలుగులో వినడం అతని ఉద్యోగం. వినాలి, క్షమాపణ చెప్పాలి, మనిషిని పంపుతామనాలి. ఎదుటివాళ్లకు అతని ముఖం కనబడదు. అయినా మండే ఎండాకాలంలో కూడా చొక్కా గుండీలన్నీ పెట్టుకుని కూర్చుంటాడు. చొక్కా కంపెనీ కోసం కాదు. పరదా కోసం.

పరదాకు అవతల అతని అత్త బుచ్చమ్మ ఉంటుంది.

వాళ్ల కుటుంబాల్లో అత్త అల్లుడి ముందుకు రాదు. అల్లుడు కూర్చున్న గదిలో కూర్చోదు. పేరు పెట్టి పిలవదు. నేరుగా ఒక మాట అనదు. కొత్త తరాలు దాన్ని వదిలేశాయి. కోదాడలో ఆమె కొడుకూ, అతని అత్తా ఒకే మంచం మీద కూర్చొని టీవీ చూస్తారు. బుచ్చమ్మ వదలలేదు. తన తల్లి వదల్లేదు కాబట్టి తనూ వదల్లేదు, అంతే. ఆ ఇంటికి రెండు తలుపులు. వీధివైపు తలుపు జవహర్‌ది. పెరటి తలుపు బుచ్చమ్మది. అతను పెరట్లోని స్నానాల గదికి వెళ్లాలంటే నడిమింట్లోంచి వెళ్లడు, ఇంటి పక్క సందులోంచి వెళ్తాడు. సందు మొదట్లో ఆగి దగ్గుతాడు. ఆమె ఎక్కడున్నా చాటుకు తప్పుకుంటుంది. అప్పుడు అడుగు వేస్తాడు. లేని దగ్గు దగ్గీ దగ్గీ ఇప్పుడతనికి నిజంగానే దగ్గు పట్టుకుంది.

భార్య ఉన్నప్పుడు ఇదేదీ బరువుగా లేదు. నీలా మధ్యలో ఉండేది. ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసేది. అందులోనూ తన సొంతం కలిపేది. ఇతను "కూర బాగుంది" అంటే, లోపలికి వెళ్లి "అమ్మా, రేపటి సంది కారం తగ్గియ్యమంటున్నడు" అనేది. కారం పడనిది తనకు.

హైదరాబాద్‌లో కూకట్‌పల్లిలో ఉండేవాళ్లు. పిల్లలు లేరు. కరోనా వచ్చి కంపెనీకి ఒక పాఠం నేర్పింది. కుర్చీకి కిరాయి కట్టకుండానే పని జరుగుతుందని. అందరినీ ఇళ్ల నుంచే చేయమన్నారు. ఆ తర్వాతి ఏడు నీలా రొమ్ములో గడ్డ బయటపడింది. వంట చేసే మనిషి లేదు, పట్టుకుని లేపే మనిషి లేదు. పని ఎక్కడి నుంచైనా చేయవచ్చు అన్నప్పుడు, నొప్పి కూడా ఎక్కడైనా పడవచ్చు అంది నీలా. సామాను వేసుకుని ఆమె తల్లిగారింటికి వచ్చేశారు. ముందు గదిలో బల్ల, నడిమింట్లో మంచం. ఇక్కడ కూర్చుని అతను ఎవరి ఫ్రిజ్ గురించో క్షమాపణలు చెప్తుంటే అక్కడ ఆమె మూలిగేది. కాల్ మధ్యలో లేవకూడదు. లేవలేదు. బుచ్చమ్మ లేచేది.

రెండేళ్లకు నీలా పోయింది.

కర్మలయ్యాక చుట్టాలంతా ఇతను ఎప్పుడు వెళ్తాడా అని చూశారు. పెళ్లాం లేని అత్తగారింట్లో అల్లుడికేం పని? జవహర్ మర్నాడు బల్ల మీది దుమ్ము తుడిచి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. గరిడేపల్లిలో అన్న ఉన్నాడు, పొలం ఉంది, అందులో ఇతని పాలు అన్న ట్రాక్టర్ కింద ఎప్పుడో కలిసిపోయింది. కూకట్‌పల్లి గదిలో ఎవరూ లేరు. ఇక్కడ గోడ అవతల ఒక మనిషి ఉంది. నీలా ఆఖరి రాత్రి ఏ పేరు పెట్టి పిలిచిందో విన్నవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరే. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. నీలాతోపాటే ఆ ఇంటికి నాలుక పోయింది.

తర్వాత ఒకరోజు పొరపాటు జరిగింది.

అతను ఫోన్‌లో ఎవరితోనో మామూలుగా అన్నాడు. "అమ్మా, మీ సమస్య ఏమిటో చెప్పండి. నేను వింటున్నాను."

పరదా అవతలి నుంచి సమాధానం వచ్చింది. "మోకాళ్లయ్యా. రాత్రిపూట గుంజుతున్నయి. ఎవలకు జెప్పుకోవాలె?"

జవహర్ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె తనతో అన్న మొదటి మాట అది. ఫోన్‌లో కరీంనగర్ నుంచి ఒకావిడ ఫ్రిజ్ కింద నీళ్లు కారుతున్నాయని చెప్తూనే ఉంది. అతను ఆమెకేం చెప్పాడో అతనికే గుర్తు లేదు. సాయంత్రం మందుల షాపుకు వెళ్లి మోకాళ్లకు పూసుకునే నూనె సీసా తెచ్చి గడప మీద పెట్టాడు.

పక్కింటి లచ్చమ్మ ద్వారా బుచ్చమ్మకు అసలు సంగతి తెలిసింది. అల్లుడు మాట్లాడేది తనతో కాదని, ఎక్కడెక్కడి వాళ్లతోనో అని. సిగ్గుతో చచ్చిపోయింది. తర్వాత కొన్నాళ్లు చాయ్ గడప దాకా కూడా రాలేదు. లోపలే ఎత్తుపీట మీద ఎక్కడో పెట్టి, పెరట్లోకి వెళ్లిపోయి, అక్కడి నుంచి గిన్నె కొట్టి చప్పుడు చేసేది. ఇతను పరదా పక్క నుంచి చెయ్యి పెట్టి తడుముకొని తీసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం కాల్స్ లేవు. జవహర్ హెడ్‌ఫోన్ తీయకుండానే, కంప్యూటర్ వైపే చూస్తూ, కంపెనీ గొంతుతోనే అన్నాడు. "అమ్మా, ఆ నూనె పనిచేస్తోందా?"

మిల్లు చప్పుడు, వీధిలో ఉల్లిగడ్డల బండివాడి మైకు.

"చేస్తున్నది" అంది గోడ.

అప్పటి నుంచి అదే పద్ధతి. చెప్పాల్సింది ఉంటే అతను హెడ్‌ఫోన్ పెట్టుకుంటాడు. పుస్తకాల తెలుగులో, ఎవరో వినియోగదారుతో మాట్లాడినట్టు మాట్లాడతాడు. ఆమె గోడతోనో పొయ్యితోనో అన్నట్టు బదులు చెప్తుంది. హెడ్‌ఫోన్ లేకుండా ఎప్పుడూ లేదు. ఆచారం చెడలేదు. ఇంట్లో ఉప్పు అయిపోయినా, గ్యాస్ అయిపోయినా, నీలా తద్దినం ఏ రోజు పడిందో చూడాలన్నా ఆ దారిలోనే నడిచింది. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారు. వాళ్లు ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదిన్నరకు సాయికిరణ్ ఫోన్ చేశాడు. టీమ్ లీడరు. జవహర్ వయసులో సగం ఉంటాడు.

"జవహర్ గారూ, మీదొక్కటే పెండింగ్. సోమవారం నుంచి అందరూ ఆఫీసుకే. వస్తున్నారా లేదా, ఈరోజు సాయంత్రంలోపు మెయిల్ పెట్టేయండి."

"సార్, ఇంకొన్నాళ్లు ఇక్కడి నుంచే..."

"కొత్త బిల్డింగ్ తీసుకున్నారండీ. సీట్లు ఖాళీగా కనబడితే పైవాళ్లకు కడుపులో మంట. నా చేతిలో ఏం లేదు. రానివాళ్లది రాజీనామా కింద రాసుకోమన్నారు."

"ఇంట్లో పెద్దావిడ ఉన్నారు సార్. ఒక్కరే."

"అందరిళ్లలోనూ ఎవరో ఒకరు ఉంటారు కదండీ. మీ అమ్మగారా?"

"కాదు. అత్తగారు."

అవతల నవ్వు. "అత్తగారి కోసం ఉద్యోగం మానేస్తారా! మా ఆవిడ వింటే మీ ఫోటోకు ఫ్రేమ్ కట్టిస్తుంది సార్. సాయంత్రం, మర్చిపోకండి."

చెడ్డవాడు కాదు. వాడికి అత్త అంటే పండక్కి బట్టలు పెట్టే మనిషి.

ఇంటి నుంచి చేయమన్నది వాళ్లే. ఇంటిని ఆఫీసు చేసుకున్నాక, ఇల్లు వదిలి రమ్మంటున్నదీ వాళ్లే. జవహర్‌కు కోపం రావాలి. రాలేదు. ఇరవై ఏళ్లుగా ఇతరుల కోపాన్ని వినడమే పని. సొంత కోపం ఎక్కడ పెట్టాడో వెతికితే దొరకదు.

అడగాల్సింది ఒక్కటే. మీరు నాతో హైదరాబాద్ వస్తారా? వస్తే ఎక్కడ ఉంచాలి? తనకొచ్చే జీతానికి దొరికేది ఒక గది, ఒక వంటిల్లు, ఒక తలుపు. ఆ ఇంట్లో బుచ్చమ్మ ఎటు తప్పుకుంటుంది? రోజంతా తలుపు వెనక నిలబడుతుందా? రానంటే ఆమె ఇక్కడ ఒంటరి. ఆ రెండింటిలో ఏ జవాబు వచ్చినా కష్టమే అనిపించి వారం రోజులుగా అడగలేదు. ఈరోజు అడగాలి. హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. కాల్ వచ్చింది.

"నమస్కారం. మాట్లాడుతున్నది జవహర్."

"ఎవలైతేంది గని, నా మిషిను తిరుగుతలేదు సారూ." దామరచర్ల దగ్గరి తండా నుంచి మోతీబాయి. గొంతు ఎంత పెద్దదంటే హెడ్‌ఫోన్ దాటి గోడ అవతలికీ వినబడుతుంది. "బట్టలు నీళ్లల్ల నానుకుంట కూసున్నయి. రెండు దినాలాయె."

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అమ్మా."

"నువ్వు చింతజేస్తే బట్టలు ఆరుతయా? మనిషిని పంపు."

"తప్పకుండా పంపుతాం. రేపు సాయంత్రంలోపు..."

"నువ్వేడ కూసున్నవ్ సారూ? పట్నంలనా?"

ఎక్కడున్నామో చెప్పకూడదు. అది కంపెనీ నియమం. "మీకు దగ్గరలోనే అమ్మా."

"దగ్గర్లనే ఉంటే నువ్వే వచ్చి సూసిపో. జొన్నరొట్టె పెడత. తిన్నంక మిషిను తిప్పుడు, లేకుంటే బట్టలు పిండుడు. ఏదో ఒకటి జేస్తువు!"

గోడ అవతల నవ్వు వినబడింది. చిన్నగా, కొంగు అడ్డం పెట్టుకున్న నవ్వు. జవహర్ ఉలిక్కిపడ్డాడు. ఆమె ఈ వేళ వంటింట్లో ఉంటుందని అతని లెక్క. నవ్వు వంటింట్లోంచి రాలేదు. సరిగ్గా అతని వీపు వెనక నుంచి వచ్చింది. నవ్వు వెంటనే దగ్గు వచ్చింది. తర్వాత ఊపిరి దొరకనట్టు ఒక ఈల.

పది రోజులుగా ఆ ఈల వింటున్నాడు. మొన్న హెడ్‌ఫోన్ పెట్టుకుని "అమ్మా, ఆసుపత్రికి వెళ్దామా? సూర్యాపేటలో మంచి డాక్టరు ఉన్నారు" అన్నాడు. "మిల్లు బూడిద. అందరికున్నదే" అంది గోడ. అతను రెండోసారి అడగలేదు. ఎదురుగా ముఖం కనబడితే అడిగేవాడేమో. గోడ ముఖం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

మధ్యాహ్నం అన్నం స్టూలు మీద మూతపెట్టి ఉంది. అతను కాళ్లు కడుక్కోవడానికి సందులోకి వెళ్లినప్పుడు పెట్టి పోయింది. పప్పుచారు, వంకాయ, చింతకాయ తొక్కు. తింటుండగా కోదాడ నుంచి బావమరిది శ్రీనివాస్ ఫోన్. నీలా తమ్ముడు. ఎరువుల కొట్టు నడుపుతాడు.

"ఏం బావా, ఏం ఆలోచించావు?"

"నువ్వు చెప్పు శీనూ. అమ్మను తీసుకెళ్తావా?"

"మేం చూసుకోమంటామా బావా? కన్నతల్లి. కాకపోతే మాది పైన ఇల్లు, మెట్లెక్కలేదు. కింద కొట్టు, ఆ మందుల వాసన అమ్మకు పడదు. అక్కడే ఉండనీ. లచ్చమ్మత్త పక్కనే ఉందిగా. నేను నెలకోసారి వచ్చిపోతా."

"నెలకోసారా?"

"బండి తీస్తే ఎంతసేపు? నీకు తెలీంది కాదు. అసలు ఇన్నాళ్లు నువ్వక్కడ ఎందుకున్నావో మాకెవరికీ అంతుపట్టలా. ఇల్లేమన్నా..." ఆగాడు.

"ఇల్లు నీ పేరు మీదనే ఉంది. కాగితాలు నీ దగ్గరనే ఉన్నాయి."

"ఛఛ! నేనామాట అన్నానా?"

"అనలేదు."

అన్నం చెయ్యి ఎండిపోయింది. మిగిలింది తినేసి పళ్లెం గడప మీద పెట్టాడు. తను కడగబోతే ఊరుకోదు. మొదట్లో ఒకసారి కడిగాడు. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదని మర్నాడు లచ్చమ్మ వీధిలో నిలబడి అరిచింది.

ఆ లచ్చమ్మే మూడు గంటలకు పెరటి తలుపు తోసుకుని వచ్చింది. జవహర్ ఒక కాల్‌లో ఉన్నాడు. గుంటూరు నుంచి ఒకతను. బిల్లు వెతుక్కుని వస్తాను ఉండమన్నాడు. జవహర్ ఉన్నాడు.

"ఏం జేస్తున్నవ్ బుచ్చక్కా? బియ్యం ఏరుతున్నవా?"

"ఏరకుంటే రాళ్లు తింటమా? కూసో."

"మీ అల్లుడు పట్నం బోతడటగా. మీ శీను మా ఇంటాయనకు ఫోన్ల జెప్పిండట."

చాటలో బియ్యం గలగల ఒక్కసారి ఆగింది. మళ్లీ మొదలైంది. "పోతే పోతడు. ఉంటనని నాకేమన్న రాసిచ్చిండా?"

"నేననేది గూడ గదే. బిడ్డ ఉంటె అల్లుడు. బిడ్డ పోయినంక అల్లుడేంది? అత్తగారి సేతి కూడు తినుకుంట పొద్దంత ఇంట్ల కూసునుడు... అందరు నవ్వుతున్నరు."

"నవ్వెటోళ్ల పండ్లు నాకెందుకు? నీ నోట్ల ఎన్నున్నయో ముందుగాల సూసుకో."

లచ్చమ్మ పకపకా నవ్వింది. "నా పండ్ల జోలికి రాకు. అవి మా అత్త పుణ్యాన ఊడినయి. నీ అల్లుని అసోంటి అల్లుడు నాకుంటె బంగారు పండ్లు కట్టించుకుందు."

"ఇగో లచ్చీ, ఒక మాట ఇను." బుచ్చమ్మ గొంతు పెంచింది. లచ్చమ్మకు చెవుడు లేదు. "మనిషన్నంక పనికాడికి పోవాలె. పనే మనిషికాడికి ఎన్ని దినాలని వస్తది? వచ్చింది. నా బిడ్డ కండ్లు మూసేదాక ఉన్నది. అటెన్క గూడ ఉన్నది. ఇంకెంత ఉండాలె? ఆయన ముప్పొద్దుల అందరికి తప్పయింది తప్పయింది అనుకుంట బతుకుతున్నడు. ఏం తప్పు జేసిండని? పోనీ. పోయి నలుగురు మనుషుల్ల కూసోనీ."

"మరి నువ్వు? ఒక్కదానివి ఎవలతోని మాట్లాడుతవ్?"

"గోడతోని. నాకు కొత్తనా?"

జవహర్ రెండు చేతులతో హెడ్‌ఫోన్ చెవులకు అదుముకున్నాడు. గుంటూరు మనిషి బిల్లు దొరికిందంటున్నాడు, హలో హలో అంటున్నాడు. "ఉన్నానండీ" అన్నాడు జవహర్. "చెప్పండి. ఉన్నాను."

లచ్చమ్మ వెళ్లిపోయింది. పెరటి తలుపు గొళ్లెం పడిన చప్పుడు. తర్వాత కాల్ మీద కాల్. ఒకరికి ఫ్రిజ్ తలుపు పడటం లేదు, ఒకరికి మంచు గడ్డకడుతోంది, ఒకరు ఏమీ చెప్పకుండా తిట్టి పెట్టేశారు. అందరికీ అతను చింతించాడు. నాలుగున్నరకు గడప మీద గ్లాసు చప్పుడు. అతను కాల్‌లో ఉన్నాడు. కంటి కొసకు పచ్చబొట్టు చుక్కలు కనబడ్డాయి. చెయ్యి ఈసారి గడప పట్టుకుని ఆగలేదు. త్వరగానే వెళ్లిపోయింది. పొద్దున కంటే నయంగా ఉన్నట్టుంది అనుకున్నాడు. లేచి గ్లాసు తీసుకోవడానికి వ్యవధి దొరకలేదు.

ఆరింటికి పని ముగిసింది. కంప్యూటర్ తెర మీద సాయికిరణ్ మెసేజ్ ఉంది. ఒక ప్రశ్నార్థకం, అంతే.

జవహర్ లైన్ మూసేశాడు. హెడ్‌ఫోన్ మాత్రం తీయలేదు. దాని వైరు కంప్యూటర్ నుంచి లాగి ఒళ్లో పెట్టుకున్నాడు. చొక్కా పై గుండీ చూసుకున్నాడు, పెట్టే ఉంది. బయట మిల్లులో షిఫ్టు మారే సైరన్ మోగి ఆగింది.

"నమస్కారం అమ్మా. మాట్లాడుతున్నది జవహర్."

అతని గొంతు కంపెనీ గొంతులా రాలేదు. మళ్లీ సవరించుకున్నాడు.

"మీరు మధ్యాహ్నం చెప్పినది విన్నాను. ధన్యవాదాలు. సోమవారం నుంచి నన్ను హైదరాబాద్ రమ్మంటున్నారు. మీరు కూడా రావాలని నా మనవి. ఊరి చివర పాత ఇళ్లు ఉంటాయి. రెండు తలుపులున్న ఇల్లు చూస్తాను. దొరికేదాకా వెతుకుతాను. ముందు తలుపు నాది, వెనక తలుపు మీది. పరదా ఇదే తీసుకెళ్దాం. మీరు రానంటే నేనూ వెళ్లను. మిల్లులో గుమాస్తా పని అడుగుతాను. ఏదైనా మీరు చెప్పినట్టే." ఆగాడు. "తొందర లేదు. ఆలోచించుకుని చెప్పండి అమ్మా. నేను లైన్‌లోనే ఉంటాను."

ఉన్నాడు.

పరదా నీలా చీరతో కుట్టినది. ఆకుపచ్చ మీద చిన్న చిన్న పసుపు పూలు. ఫ్యాను గాలికి కింది అంచు కొద్దిగా లేచి పడుతోంది. ఆమె ఆలోచిస్తోంది అనుకున్నాడు. ఏడుస్తోందేమో అని కూడా అనుకున్నాడు. ఏడవనివ్వాలి. నీలా పోయినప్పుడు ఇద్దరూ ఒకరి ఏడుపు ఒకరు గోడకు ఇటూ అటూ విన్నారు. ఒకరు ఆపేదాకా రెండోవారు మొదలుపెట్టలేదు.

వీధి దీపం వెలిగింది.

"అమ్మా, మీ మాట వినబడటం లేదు." రోజూ పదిమందితో అనే మాటే. "నా మాట మీకు వినిపిస్తోందా?"

చాయ్ గ్లాసు గడప మీదనే ఉంది. మూత కూడా తీయలేదు. జవహర్ దగ్గాడు. సందు మొదట్లో దగ్గే దగ్గు. దానికి ఆమె ఎప్పుడూ కదులుతుంది. చీర చప్పుడో, మెట్టె చప్పుడు లేని ఆ పాదాల చప్పుడో వస్తుంది. రాలేదు. ఇంకోసారి దగ్గాడు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"అత్తమ్మా" అన్నాడు. ఆ మాటను ఇన్నేళ్లలో ఆమెకు వినబడేలా అనడం అదే మొదలు. తన చెవులకే వేరే ఎవరో పిలిచినట్టుంది. లేచి, గ్లాసును దాటి, పరదా పక్కకు జరిపాడు.

ఆమె దూరంలో లేదు. పరదా పక్కనే, అతని కుర్చీ ఆనుకున్న గోడకే అవతలివైపు, చిన్న కర్ర పీట మీద కూర్చుని ఉంది. కొంగు నుదుటి దాకా కప్పుకుని ఉంది. తల గోడకు ఆనించి ఉంది. ఒళ్లో చాట, చాటలో ఒకవైపు ఏరిన బియ్యం, ఒకవైపు ఏరనివి. కుడిచెయ్యి ఏరనివాటి మీద ఉంది. కళ్లు మూసే ఉన్నాయి. వినేటప్పుడు కొందరు అలాగే మూసుకుంటారు.

జవహర్ ఆ చేతిని ముట్టుకున్నాడు. తర్వాత పీట పక్కన కింద కూర్చున్నాడు. ఆమె ముఖాన్ని అంత దగ్గర నుంచి, అంతసేపు చూడటం అతనికి తెలియదు. ముక్కు నీలాదే. కింది పెదవి కూడా. ఎవరైనా చెప్పి ఉంటే ఎప్పుడో తెలిసేది. చెప్పేవాళ్లు లేకపోయారు. చీకటి పడ్డాక లచ్చమ్మ చల్ల అడగడానికి వచ్చి, పెరటి తలుపు కొట్టి కొట్టి, సందులోంచి తిరిగి వీధి తలుపులోంచి లోపలికి వచ్చి, అల్లుడు అత్త పక్కన కూర్చుని ఉండటం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొదట ఆ కూర్చోవడానికే. తర్వాత తెలిసింది.

శ్రీనివాస్ బండి మీద కాదు, కారులో వచ్చాడు. భార్యతో, అత్తమామలతో. తలకొరివి అతనిదే. అల్లుడికి అందులో ఏ పనీ ఉండదు. జవహర్ వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాడు, తీశాడు. "అత్తను ఎంత మంచిగ సూసుకున్నడు" అని అతని గురించి ఎవరూ అనలేదు. చూడటానికి వచ్చినవాళ్లు చూసి వెళ్లారు. సాయికిరణ్ ఫోన్ చేసి అయ్యో అన్నాడు, నిజంగానే అన్నాడు. ఒక వారం ఆలస్యంగా రావడానికి పైవాళ్లను ఒప్పించానన్నాడు. జవహర్ వస్తానని మెయిల్ పెట్టాడు. అందరికీ వీలుగా అయింది.

పోయే రోజు బల్ల మడిచి, కుర్చీ ఆటోలో వేసుకున్నాడు. పరదా విప్పి మడతపెట్టి సంచిలో పెట్టుకుంటుంటే శ్రీనివాస్ చూశాడు. కిరాయికి ఇవ్వాలంటే సున్నం వేయించాలి బావా అన్నాడు, నడిమింట్లో గోడలు చూస్తూ. వేయించు అన్నాడు జవహర్. ఈసారి పెరటి తలుపులోంచి బయటికి నడిచాడు. సందు మొదట్లో అలవాటుగా దగ్గాడు.

పీట అక్కడే ఉండిపోయింది. దాని పైన, మనిషి కూర్చుంటే తల ఆనే ఎత్తులో, వెల్ల గోడ మీద చేతి వెడల్పున నూనె మరక. రోజూ తల ఆనితే తప్ప అంత నల్లగా పడదు.